బయ్యారం రాయి, ఇయర్‌ఫోన్ సూదంటురాయి

బయ్యారం గుట్టల్లో దొరికే రాయిని చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది బరువు. పిడికెడంత ముక్కే, చేతిని కిందికి లాగేస్తుంది. నలుపులో ఎరుపు చారలు, పక్క నుంచి చూస్తే పొరలు పొరలు. బస్టాండు దగ్గర బైకులు బాగుచేసే కుర్రవాడికి చూపిస్తే సుత్తితో ఒక్క దెబ్బ వేసి, పానాల డబ్బాలోంచి కందిబద్దంత మెరిసే బిళ్ల తీశాడు. పాడైన ఇయర్‌ఫోన్‌లోంచి ఊడదీసిన మాగ్నెట్ అది. ఇంజన్ సందులో బోల్టు జారిపడితే పుల్ల చివర అతికించి తీయడానికి దాచుకున్నాడట. రాతి పొడి దగ్గరికి బిళ్లను తెచ్చేసరికి పొడి లేచి మీసాల్లా నిలబడింది. “సూడు సార్, ఇనుమే. మరి ఫ్యాక్టరీ ఎందుకు రాలే?” అన్నాడు.

రాయి ఈ గుట్టది. బిళ్ల ఎక్కడిదో అతనికి తెలియదు. అందులో ఉన్న నియోడిమియం అనే లోహం శ్రీకాకుళం నుంచి కేరళ దాకా మన తీరంలోని ఇసుకలోనూ ఉంది. అయినా ఆ బిళ్ల దాదాపు కచ్చితంగా చైనాలో తయారై వచ్చింది. గుట్టలో ఇనుము ఉండీ బయ్యారానికి ఉక్కు రాలేదు, తీరంలో నియోడిమియం ఉండీ దేశానికి మాగ్నెట్ రాలేదు. ఈ రెండూ ఒకే కథ అని నా నమ్మకం. కీలక ఖనిజాల కోసం పరాయి దేశాల మీద ఆధారపడటం తగ్గించుకోవాలని ఇప్పుడు దేశమంతా మాట్లాడుతోంది. ఆ మాటల్ని బయ్యారంలో నిలబడి వింటే కొన్ని బాగా వినిపిస్తాయి, కొన్ని తేలిపోతాయి.

మొదట ఈ ఖనిజాలు ఏమిటో చూద్దాం. 2023 జూన్‌లో కేంద్ర గనుల శాఖ 30 ఖనిజాలను కీలకమైనవిగా గుర్తించింది. లిథియం, కోబాల్ట్, నికెల్, గ్రాఫైట్, టంగ్‌స్టన్, నియోడిమియం లాంటి రేర్ ఎర్త్ లోహాలు అందులో ఉన్నాయి. లిథియం, కోబాల్ట్, నికెల్ విషయంలో మనం పూర్తిగా దిగుమతుల మీదే బతుకుతున్నాం. బ్యాటరీ బండ్లు, క్షిపణులు అనగానే ఇదంతా ఎక్కడో ఢిల్లీ వ్యవహారం అనిపిస్తుంది. కానీ అదే జాబితాలో పొటాష్, ఫాస్ఫరస్ కూడా ఉన్నాయి. మానుకోట (మహబూబాబాద్) మిర్చి రైతు ఇంట్లో వసారాలో పేర్చిన బస్తాలే అవి. పొటాష్ మనకు కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నుంచి రావాలి. 2022లో అంతర్జాతీయ ధరలు ఎగిసినప్పుడు వెయ్యి రూపాయల చుట్టూ ఉన్న 50 కిలోల బస్తా 1,700 దాకా పోయింది. బెలారస్ ఎక్కడుందో తెలియని రైతు ఆ తేడాను తన జేబులోంచి కట్టాడు. పరాధీనత అంటే ఏమిటో ఆ బస్తా కన్నా బాగా చెప్పే గణాంకం నాకు కనిపించలేదు.

ఇక బయ్యారం సంగతి. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఒక మాట ఉంది: ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమేనా అని ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి. అప్పటికి బయ్యారం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. చట్టం రాసింది “పరిశీలించాలి” అని, జనం విన్నది “కడతారు” అని. అందులో జనం తప్పేమీ లేదు. ఉద్యమ కాలంలో ‘బయ్యారం ఉక్కు, తెలంగాణ హక్కు’ అని గోడల మీద రాసుకున్నవాళ్లు చట్టంలోని క్రియాపదాలను లెక్కపెట్టరు. పరిశీలన జరిగింది. ఖనిజం తక్కువ గ్రేడుదని, గిట్టుబాటు కాదని తేల్చారు. ఆ తరవాత ప్రతి ఎన్నికలకూ బయ్యారం పేరు వేదికలెక్కి దిగుతూనే ఉంది.

గ్రేడు తక్కువ అన్న మాటను అబద్ధమని కొట్టిపారేయలేం, అదే చివరి మాట అనీ ఒప్పుకోలేం. రాయిలో ఇనుము ఎంత ఉందన్నది ఒక లెక్క. దాన్ని మెత్తగా దంచి, మాగ్నెట్లతోనో నీళ్లతోనో పనికిరాని ఇసుకరాయిని వేరు చేసి, ఉండలు కట్టి, కొలిమికి పంపేసరికి ఎంత ఖర్చవుతుందన్నది మరో లెక్క. ఆ రెండో లెక్క సాంకేతికతతో మారుతుంది, కరెంటు ధరతో మారుతుంది, పక్క రాష్ట్రంలో బైలదిల్లా లాంటి మేలురకం గని ఉందా అన్నదానితో మారుతుంది. “మా గుట్టల్లో ఇన్ని కోట్ల టన్నులు” అనే మాట సభల్లో చప్పట్లు తెస్తుంది. కానీ భూమిలో ఉన్నదంతా నిల్వ కాదు. గిట్టుబాటుగా తీయగలిగినదే నిల్వ.

ఈ తేడా తెలియకపోతే ఎలా దెబ్బతింటామో 2023లో జమ్మూ కశ్మీర్ చూపించింది. రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం ఉందని ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. దేశమంతా పండగ చేసుకుంది. ఆ ఏడాది చివర్లో బ్లాకును వేలానికి పెడితే తగినంతమంది ముందుకు రాలేదు, వేలం రద్దయింది. అది బంకమట్టిలో కలిసిన లిథియం, అన్వేషణ కూడా తొలి దశలోనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని కట్‌ఘోరా బ్లాకు మాత్రం 2024లో అమ్ముడుపోయింది. రెండు చోట్లా రాయి ఉంది. పెట్టుబడి పెట్టేవాడు అడిగే లెక్క ఒకచోట కుదిరింది, మరోచోట కుదరలేదు.

చైనా గొప్పతనం ఆ లెక్కలోనే ఉంది. ప్రపంచ రేర్ ఎర్త్ ఖనిజంలో చాలా భాగం అక్కడ తవ్వుతారు, నిజమే. కానీ ఆ దేశం గుప్పిట్లో గట్టిగా ఉన్నది శుద్ధి. దాదాపు 90 శాతం శుద్ధి అక్కడే జరుగుతుంది. ఈ లోహాలు ఒకే కాన్పులో పుట్టిన కవల పిల్లల్లాంటివి. రసాయన గుణాల్లో ఒకదానికీ మరోదానికీ తేడా వెంట్రుకవాసి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వీటిని ఏరలేం. రెండు రకాల సన్నబియ్యం కలిసిపోతే గింజ గింజ చూసి విడదీయడం లాంటి పని ఇది. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని వందల తొట్లలో ఒకదాని తరవాత ఒకటిగా నడిపిస్తే తప్ప నియోడిమియం విడిగా రాదు. ఆ తొట్ల నుంచి మురికి నీరు వస్తుంది, తీరపు ఇసుకలోని మోనజైట్ ఖనిజం నుంచైతే థోరియం కూడా బయటికొస్తుంది. ఒకప్పుడు ఈ వ్యాపారంలో ముందున్న అమెరికా మౌంటెన్ పాస్ గని 2002లో మూతపడింది. ఆ కాలుష్యాన్ని చైనాలోని బావోటౌ ప్రాంతపు మట్టి, నీళ్లు భరించాయి. ప్రపంచం చౌక మాగ్నెట్లు కొనుక్కుంది.

ఆ చౌక ధరకు అసలు బిల్లు 2025 ఏప్రిల్‌లో వచ్చింది. సమేరియం, డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి చైనా లైసెన్సు తప్పనిసరి చేసింది. మన వాహన కంపెనీలు మాగ్నెట్ల కోసం నెలల తరబడి ఎదురు చూశాయి. 2010లో జపాన్‌కు ఇదే అనుభవం ఎదురైంది. అప్పటి నుంచి జపాన్ ఆస్ట్రేలియా కంపెనీ లైనస్‌లో పెట్టుబడి పెట్టింది, నిల్వలు పెట్టుకుంది, తక్కువ లోహంతో మాగ్నెట్ చేయడం నేర్చుకుంది. ఇంత చేసి, పదేళ్లకు పైగా పట్టుబట్టి, చైనా మీద ఆధారపడటాన్ని 90 శాతం నుంచి 60 శాతం ప్రాంతానికి దించగలిగింది. జపాన్ లాంటి దేశానికే అంతకాలం పట్టింది. మన నాయకులు రెండేళ్లు, మూడేళ్లు అని గడువులు చెప్పేటప్పుడు ఈ సంగతి గుర్తు చేయాల్సిన బాధ్యత పత్రికలకు ఉంది.

విశాఖ రేవును చూస్తే నాకు ఒక బాధ కలుగుతుంది. 1960లలో జపాన్ ఉక్కు మిల్లుల కోసం బైలదిల్లా ఇనుమును తరలించడానికి తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస – కిరండుల్ రైలు మార్గం వేశాం. అరకు వెళ్లే పర్యాటకులు మురిసిపోయే సొరంగాలు ఆ ఖనిజం కోసం తవ్వినవే. అదే రేవు ఊళ్లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని 1966లో ప్రాణాలు అర్పించారు. కర్మాగారం వచ్చింది కానీ దానికి సొంత ఇనుప గని నేటికీ లేదు. కోకింగ్ బొగ్గు ఓడల్లో రావాలి. తరవాత అర్ధ శతాబ్దానికి మళ్లీ విశాఖ నుంచే, ఈసారి రేర్ ఎర్త్. ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ తీసిన ఖనిజ పదార్థాన్ని అచ్యుతాపురంలో జపాన్ కంపెనీ టొయోటా సుషో అనుబంధ సంస్థ శుద్ధి చేసి జపాన్‌కు పంపేది. 2012లో కుదిరిన ఆ ఒప్పందాన్ని నిలిపివేయమని కేంద్రం ఐఆర్‌ఈఎల్‌కు చెప్పినట్టు 2025 జూన్‌లో వార్తలు వచ్చాయి. జపాన్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కొనేవాడు ఆ దేశంలో ఉన్నాడు, మాగ్నెట్ చేసేవాడూ అక్కడే ఉన్నాడు. మన దగ్గర ఆ లోహాన్ని అడిగే ఫ్యాక్టరీ లేదు.

ఒకప్పుడు ఇది తలకిందులుగా ఉండేది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కమ్మరులు రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి, మట్టి మూసల్లో కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు దిమ్మలు తీసేవారు. 1820ల మొదట్లో ఆ ఊరు చూసిన హెన్రీ వాయ్‌సీ, పర్షియా వర్తకుడు స్వయంగా వచ్చి ఉక్కు తూకం దగ్గర నిలబడటం గురించి రాశాడు. డమాస్కస్ కత్తుల పేరు వెనుక ఈ మూసలున్నాయి. ఇనుపరాయి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. వర్తకుడు అంతదూరం వచ్చింది ఆ కమ్మరుల పనితనం కోసం. దాన్ని మనం పోగొట్టుకున్నాం. కాబట్టి తిరిగి నేర్చుకోగలమా అన్నదే అసలు ప్రశ్న.

నేర్చుకోగలం అనడానికి హైదరాబాద్‌లోనే సాక్ష్యాలున్నాయి. ఈసీఐఎల్ ప్రాంతంలో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌ను మనం పట్టించుకోం, బస్సులో దాటిపోతాం. అక్కడ తీరపు ఇసుకలోని జిర్కాన్ నుంచి జిర్కోనియం తీస్తారు. దానితోపాటు రెండు శాతం దాకా హాఫ్నియం కలిసి ఉంటుంది, రెండూ విడదీయరాని జంట. రియాక్టర్‌కు జిర్కోనియం కావాలి, హాఫ్నియం ఉంటే చెడిపోతుంది. ఆ జంటను విడదీసే విద్య మనకు ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. 1973లో కంచన్‌బాగ్‌లో పుట్టిన ప్రభుత్వ సంస్థ మిధాని టైటానియం, మాలిబ్డినం, సూపర్ మిశ్రలోహాలు చేసింది. విదేశాలు ఇవ్వని మారేజింగ్ ఉక్కును ఇస్రోకు అందించింది. హైదరాబాద్‌లోనే ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ విద్యతో కేరళలో టైటానియం స్పాంజ్ ప్లాంటు వచ్చింది. 2023 మేలో విశాఖ దగ్గర సమేరియం–కోబాల్ట్ మాగ్నెట్ల ప్లాంటును ప్రధాని జాతికి అంకితం చేశారు, దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. టన్నులు కావు, కిలోలు. రక్షణ, అణు రంగాలకు సరిపోవచ్చు, ఆటోలకు, ఫ్యాన్లకు, బండ్లకు చాలదు. ప్రయోగశాలలో గెలుస్తాం, ఫ్యాక్టరీ స్థాయికి వచ్చేసరికి ఆగిపోతాం. ఈ జబ్బు పాతది. 2025 నవంబరులో కేంద్రం ఆమోదించిన 7,280 కోట్ల మాగ్నెట్ల పథకం ఏడాదికి 6,000 టన్నుల లక్ష్యంతో వచ్చింది. జబ్బు అక్కడుందని గుర్తించిన మొదటి పెద్ద అడుగు అదేనని నా అభిప్రాయం.

పాల్వంచ కథ ఇంకా దగ్గరిది. సింగరేణి బొగ్గు కోక్‌కు పనికిరాదు. ఉక్కు చేయాలంటే కోకింగ్ బొగ్గు దిగుమతి చేసుకోవాలి. అయితే కోక్ లేకుండా ఇనుము తీయలేమా అని 1970లలో ఒక ప్రయత్నం మొదలైంది. ఐక్యరాజ్యసమితి సాయంతో పాల్వంచలో పెట్టిన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. మామూలు బొగ్గుతో, తిరిగే పొడవాటి కొలిమిలో ఇనుప ఖనిజాన్ని స్పాంజ్ ఇనుముగా మార్చి చూపించింది. ఏడాదికి 30,000 టన్నుల చిన్న ప్లాంటు. ఈరోజు స్పాంజ్ ఐరన్ తయారీలో ప్రపంచంలో మొదటి స్థానం భారతదేశానిది. బయ్యారానికి ఇంత దగ్గర్లో ఇలాంటి పాఠం ఉండగా, ఉక్కు అంటే మహా కర్మాగారమే, లేకపోతే ఏమీ లేదు అన్న పంతం ఎందుకో నాకు అర్థం కాదు. ఏ వస్తువు లేదో దాని అవసరమే లేకుండా చేసుకోవడం కూడా స్వావలంబనే.

ఇప్పుడు బ్యాటరీల్లో అదే జరుగుతోంది. కోబాల్ట్, నికెల్ వాడని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఆ పదార్థం చేసే పద్ధతిని రూపొందించి పరిశ్రమకు ఇచ్చింది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సెల్ ఫ్యాక్టరీ కడుతోంది. అయినా లిథియం బయటి నుంచే రావాలి. అందుకోసం 2019లో పుట్టిన కాబిల్ అనే ప్రభుత్వ సంస్థ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కాటమార్కాలో ఐదు బ్లాకులు తీసుకుంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న కోరమాండల్ ఎరువుల కంపెనీ అంతకుముందే సెనెగల్‌లో ఫాస్ఫేట్ గనిలో వాటా కొనుక్కుంది. పరాయి గనిలో వాటా ఉన్నంత మాత్రాన పరాధీనత పోదు, కానీ ఒక్క తలుపు దగ్గరే నిలబడే అవస్థ తప్పుతుంది.

మన గడ్డ మీద తవ్వకాల విషయంలో నాకు భయం ఉంది. బయ్యారం షెడ్యూల్డ్ ప్రాంతం. కోయ, లంబాడా కుటుంబాల ఊళ్లు. ఆంధ్రప్రదేశ్ తీరంలో దేశంలోకెల్లా ఎక్కువ మోనజైట్ ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క. అక్కడ మత్స్యకారులుంటారు. అనంతపురం జిల్లాలో రేర్ ఎర్త్ ఉన్న రాళ్లను 2023లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ గుర్తించింది. అక్కడ వేరుశనగ రైతులుంటారు. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుగా ఇవ్వకూడదంది. అనంతగిరి మండలంలో మొదలైన కేసు అది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అనగానే జనం కదిలారు, తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. అలాంటి చోట, 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ కీలక ఖనిజాల తవ్వకాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఆదేశం ఇచ్చింది. ఇది తప్పు అని గట్టిగా చెప్పాలి. ఊరి వాళ్ల మాట వినకపోతే పని వేగంగా జరుగుతుందనుకోవడం మన గనుల చరిత్ర తెలియనివాళ్లు చేసే పొరపాటు. ఆగిపోయిన ప్రాజెక్టుల్లో చాలావాటిని ఆపింది ఊరి వాళ్లను అడగకపోవడమే.

తవ్వకుండానే దొరికే గని ఒకటి వారానికోసారి బయ్యారం వీధుల్లోకి వస్తుంది. పాత సామాన్లు కొనేవాడొకడు బైకుకు మైకు కట్టుకుని “పాడైన సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కొంటాం” అని రికార్డు వేసుకుంటూ తిరుగుతాడు. పాత ఇనుముకు ఉల్లిగడ్డలు ఇచ్చిన కాలం పోయి, చచ్చిన ఫోన్‌కు స్టీలు గిన్నె ఇచ్చే కాలం వచ్చింది. నా కళ్ల ముందు ఒక ఇల్లాలు మూడు ఫోన్లు ఇచ్చి ఒక టిఫిన్ డబ్బా తీసుకుంది. ఎక్కడికి పోతాయి ఇవి అంటే, “పట్నంకు పోతయ్, ఆడికెల్లి ఢిల్లీ” అన్నాడు. అక్కడ చిన్న గదుల్లో బోర్డులను కాల్చి, ఆమ్లంలో ముంచి బంగారం, రాగి తీస్తారు. మిగతా లోహాలు పొగలోనో మురికి కాలువలోనో కలుస్తాయి. ఆ పని చేసే పిల్లల ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీ–మెట్ ఈ–వ్యర్థాల నుంచి లోహాలు తీసే పద్ధతులు తయారుచేసి పెట్టింది. రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల ప్రోత్సాహకాలు 2025 సెప్టెంబరులో మంజూరయ్యాయి. కానీ ఆ డబ్బు పెద్ద ఫ్యాక్టరీల దగ్గర ఆగితే చాలదు. మైకు కట్టుకున్న బైకు దాకా అందాలి. అతని సంచి సరైన గుమ్మానికి చేరితేనే అతనికి మంచి ధర, దేశానికి లోహం.

2025 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ కీలక ఖనిజాల మిషన్‌లో ఏడేళ్లకు 16,300 కోట్లు ప్రభుత్వం పెడుతుంది. 1,200 అన్వేషణ ప్రాజెక్టుల లక్ష్యం ఉంది. అన్వేషణకు నేను అడ్డు చెప్పను. కానీ ఆ డబ్బులో శుద్ధి ప్లాంట్లకు, వాటిని నడిపే పిల్లల చదువుకు ఎంత పోతుందన్నదే నేను చూస్తాను. ఇల్లందులో 1889లో మొదటి బొగ్గుబాయి తెరిచిన నాటి నుంచి ఈ నేల మైనింగ్ మనుషులను తయారుచేసింది. మెటలర్జీ మనుషులను తయారుచేయలేదు.

ఆ బొగ్గుబాయి నుంచి ఎదిగిన సింగరేణి ఇప్పుడు, బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన ఓబీ మట్టిని, థర్మల్ బూడిదను పరీక్ష చేయిస్తోంది, అందులో రేర్ ఎర్త్ లోహాలు ఎంత ఉన్నాయో చూడటానికి. బూడిదలో ఈ లోహాలు టన్నుకు గ్రాముల్లోనే ఉంటాయి. వాటిని గిట్టుబాటుగా తీయడం తేలిక కాదు, ఎవరూ అంత త్వరగా ఆశలు పెంచకూడదు. అయినా ఇది నాకు నచ్చింది. కొత్త ఊరిని ఖాళీ చేయించకుండా, ఇప్పటికే తవ్వి పోసిన గుట్టలోనే వెతుకుతున్నారు. భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ కేంద్రం నుంచి టార్పాలిన్ కప్పిన బూడిద లారీలు రోజూ రోడ్డెక్కుతాయి, సిమెంటు కంపెనీలకు, ఇటుకల యూనిట్లకు. మొన్న ఒక దాని వెనకాలే చాలా దూరం వచ్చాను. టార్పాలిన్ అంచు నుంచి సన్నని పొడి గాలిలో కలుస్తూ, పక్కనున్న పత్తి చేను మీద పడుతోంది.